కోలా, కణితి: జాబితాలో ఒకే వరస, కష్టాలు మాత్రం వేరు



కోలాను బొమ్మల్లో చూడని పిల్లలు మన ఇళ్ళలో లేరు. గుండ్రటి చెవులు, నల్లటి పెద్ద ముక్కు, చెట్టును కౌగిలించుకుని నిద్రపోయే ఆ రూపం పుస్తకాల్లో, టీవీలో, బడి సంచుల మీద కనిపిస్తూనే ఉంటుంది. అదే కణితి బొమ్మ చూపించి ఇదేమిటని అడిగితే పిల్లలే కాదు, పెద్దవాళ్ళు కూడా "ఏదో జింక" అని ఊరుకుంటారు. కోలా ఉండేది సముద్రాల అవతల ఆస్ట్రేలియాలో. కణితి ఉండేది మనం సెలవులకు వెళ్ళివచ్చే బండీపురం, ముదుమలై, సిమిలిపాల్, తాడోబా అడవుల్లో. యానాం వారికి చుట్టుపక్కల అలాంటి అడవి లేకపోయినా, గోదావరి వెంట పైకి వెళితే పాపికొండల్లో ఉంది.

ఈ రెండు జంతువులనూ పక్కపక్కన పెట్టి రాయడానికి ఒక కారణం ఉంది. ప్రపంచంలోని ప్రాణుల పరిస్థితిని లెక్కగట్టే ఐయూసీఎన్ అనే సంస్థ ఒక ఎర్ర జాబితా నిర్వహిస్తుంది. ఆ జాబితాలో కోలా, కణితి రెండూ ఒకే తరగతిలో ఉన్నాయి. ఆ తరగతి పేరు వల్నరబుల్. అంటే ఇంకా అంతరించే దశకు చేరలేదు గానీ, ఇలాగే వదిలేస్తే చేరుతుంది అని అర్థం. రెండూ ఆకులు అలములు తిని బతికేవే. రెండింటికీ ఒకే ముద్ర పడింది. కానీ ఆ ముద్ర వెనక ఉన్న కథలు ఒకదానికొకటి పోలవు. పైగా ఈ రెండు కథలూ ఒకచోట విచిత్రంగా కలుస్తాయి. అది చివరలో చెబుతాం.

పేర్ల సంగతి

ముందుగా పేర్లు. మన తెలుగులో ఈ పెద్ద జింకను కణితి అనీ, కణుజు అనీ, కొన్ని చోట్ల కడితి అనీ అంటారు. కన్నడంలో కడవె. తమిళంలో కడమాన్, మిళా. మరాఠీలో సాంబర్. ఒడియాలో సంబర. కడితి, కడవె, కడమాన్ అన్న మాటలు మూడూ ఒకే కుదురులోంచి వచ్చినవని పలికి చూస్తేనే తెలుస్తుంది. ఇంగ్లీషువారు సాంబర్ అన్నారు, ఇప్పుడు మన పత్రికలు కూడా "సాంబర్ జింక" అనే రాస్తున్నాయి. మా సంఘం ఆదివారం తరగతిలో ఈ పేరు చెప్పినప్పుడు ఒక బాబు "ఇడ్లీలోకి వేసుకునేదా?" అని అడిగాడు. నవ్వుకున్నాం గానీ, కణితి అన్న మాట మన ఇళ్ళలో నిలిచి ఉంటే ఆ ప్రశ్న వచ్చేది కాదు.

కోలాకు కూడా పేరు చిక్కు ఉంది. చాలామంది "కోలా ఎలుగుబంటి" అంటారు. దానికీ ఎలుగుకూ ఏ సంబంధమూ లేదు. అది కంగారూల వైపు బంధువు. కడుపు మీద సంచి ఉండే జంతువుల్లో ఒకటి.

సంచిలో బిడ్డ, పొదలో బిడ్డ

రెండింటి మధ్య మొదటి పెద్ద తేడా బిడ్డను కనే తీరులోనే ఉంది.

కోలా గర్భం మోసేది దాదాపు 35 రోజులు మాత్రమే. పుట్టిన పిల్ల మన వేలి గోరుకు కొంచెం పెద్దగా, రెండు సెంటీమీటర్లు ఉంటుంది. బరువు గ్రాము కూడా ఉండదు. కళ్ళు తెరుచుకోవు, ఒంటిమీద వెంట్రుక ఉండదు. ఆ స్థితిలోనే అది తల్లి బొచ్చు పట్టుకుని పాక్కుంటూ సంచిలోకి చేరి పాలకు అతుక్కుంటుంది. మిగతా ఎదుగుదలంతా అక్కడే. ఆరు నెలలు దాటాక బయటికి తల పెడుతుంది. ఆ తరువాత ఇంకో ఆరు నెలలు తల్లి వీపు మీద సవారీ.

కణితి సంగతి మన ఆవు, మేకల లాంటిది. గర్భం దాదాపు ఎనిమిది నెలలు. మామూలుగా ఒక్కటే పిల్ల. పుట్టిన కొద్దిసేపటికే కాళ్ళ మీద నిలబడుతుంది. తల్లి దాన్ని పొదల్లో దాచి మేతకు వెళ్ళి వస్తుంది.

ఇద్దరు తల్లులూ ఒక కాన్పుకు ఒక్క బిడ్డనే సాకుతాయి. కుందేళ్ళలా, అడవి పందుల్లా గంపెడు పిల్లల్ని పెట్టి నష్టాన్ని పూడ్చుకునే జాతులు కావివి. ఒకసారి సంఖ్య పడిపోతే మళ్ళీ పెరగడానికి ఏళ్ళు పడుతుంది. ఈ మాట మనసులో ఉంచుకోండి.

ఆకారంలో పోలికే లేదు. పెద్ద కోలా 4 నుంచి 15 కిలోల మధ్య ఉంటుంది. ఉత్తరాన క్వీన్స్‌లాండ్‌లో ఉండేవి చిన్నవి, దక్షిణాన విక్టోరియాలో ఉండేవి పెద్దవి. మన కణితి పోతు 200 కిలోలు సులభంగా దాటుతుంది, 300 కిలోలు తూగినవీ ఉన్నాయి. మన దేశపు జింకల్లో ఇదే అన్నింటికన్నా పెద్దది. ముదురు గోధుమ రంగు ఒళ్ళు, మెడ చుట్టూ గరుకు జూలు, మగదానికి ఒక్కో కొమ్ముకు మూడు కొనలు. ఆ కొమ్ములు ఏటా రాలి మళ్ళీ మొలుస్తాయి. చుక్కల దుప్పిలా పెద్ద మందగా తిరగదు. ఒంటరిగానో, తల్లీ పిల్లా కలిసో, నాలుగైదు కలిసో ఉంటుంది. పొద్దు వాలాక బయటికి వస్తుంది. నీళ్ళంటే ఇష్టం, బాగా ఈదుతుంది. పులి వాసన తగిలితే తోక నిక్కించి, కాలు నేలకు కొట్టి, గంట మోగినట్టు ఒక్క అరుపు అరుస్తుంది. అడవిలో గైడులు ఆ అరుపు వినే పులి ఎటు ఉందో చెబుతారు.

ఒకరికి ఒకే కూర, ఇంకొకరికి ఏదైనా సరే

రెండో పెద్ద తేడా తిండిలో ఉంది. వాటి కష్టాలు వేరుగా ఉండడానికి ఇదే అసలు కారణమని మా అభిప్రాయం.

కోలా తినేది దాదాపు ఒక్క యూకలిప్టస్ ఆకే. ఆ చెట్టులో 700కు పైగా రకాలు ఉంటే, కోలా నోరు పెట్టేది కొన్ని పదుల రకాలకే. ఒక ప్రాంతంలో ఉండే కోలాలు అందులో మళ్ళీ రెండు మూడు రకాలనే ఎంచుకుంటాయి. ఆ ఆకులో బలం తక్కువ, పీచు ఎక్కువ. పైగా విషపదార్థాలు ఉంటాయి. ఇతర జంతువులు వదిలేసిన ఆకును తినడం కోలా నేర్చుకున్న విద్య. ఆ విద్యకు అది మూల్యం కూడా చెల్లిస్తుంది. ఆకును పులియబెట్టి అరిగించుకోవడానికి దాని పేగులో రెండు మీటర్ల వరకూ పొడవుండే ఒక తిత్తి ఉంటుంది. బలం చాలదు కాబట్టి రోజులో 18 నుంచి 20 గంటలు నిద్రలోనో, కునుకులోనో గడుపుతుంది. అది సోమరితనం కాదు, వచ్చే జీతానికి తగ్గట్టు ఖర్చు పెట్టుకోవడం. పిల్లకు కూడా ఆకు తినే శక్తి పుట్టుకతో రాదు. సంచి విడిచే ముందు తల్లి పేగులోంచి వచ్చే ఒక మెత్తటి పదార్థాన్ని తిని, అందులో ఉన్న సూక్ష్మజీవులను తన కడుపులోకి తెచ్చుకున్నాకే అది ఆకు ముట్టగలదు.

కణితి దీనికి పూర్తిగా ఎదురు. గడ్డి, లేత చిగుళ్ళు, ఆకులు, రాలిన కాయలు, బెరడు, నీటి మొక్కలు, ఏది దొరికితే అది. వందకు పైగా రకాల మొక్కలు తింటుంది. ఆవులా నాలుగు గదుల కడుపుతో తీరిగ్గా నెమరు వేస్తుంది. ఎండిపోయే తాడోబా అడవిలోనూ, ఎప్పుడూ తడిగా ఉండే పడమటి కనుమల్లోనూ, చలి కొండల్లోనూ బతకగలదు. శ్రీలంక నుంచి మన దేశం, బర్మా, థాయిలాండ్ మీదుగా చైనా, సుమత్రా, బోర్నియో దాకా ఇది వ్యాపించి ఉంది.

కోలాకు చెట్టు పోతే బతుకు పోతుంది. కణితికి ఒక చెట్టు పోయినా ఇంకో పొద ఉంటుంది. అలాంటప్పుడు, ఏది దొరికినా తిని ఇన్ని దేశాల్లో బతికే కణితి కూడా కోలా ఉన్న వరసలోకే ఎందుకు వచ్చింది?

కోలాకు వచ్చిన కష్టం

కోలాను మొదట దెబ్బ తీసింది దాని మెత్తటి చర్మమే. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో కోలా తోళ్ళను లక్షల సంఖ్యలో విదేశాలకు ఎగుమతి చేశారు. 1927 ఆగస్టులో క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం ఒక్క నెల వేటకు అనుమతి ఇస్తే 5 లక్షలకు పైగా కోలాలను చంపారు. జనం గగ్గోలు పెట్టాక ఆ వేట ఆగింది.

తరువాత దెబ్బ కంటికి కనబడకుండా పడింది. తూర్పు తీరంలో ఊళ్ళు, పొలాలు, పశువుల బీళ్ళు పెరిగాయి. కోలా ఇష్టపడే చెట్లు మంచి నేలలోనే పెరుగుతాయి, మనిషికి కావలసిందీ ఆ నేలే. అడవి ముక్కలైంది. ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకు వెళ్ళడానికి కోలా చెట్టు దిగి నేల మీద నడవాలి. నడిస్తే కారు, కుక్క. వీటికి తోడు క్లమిడియా అనే జబ్బు. అది సోకిన కోలాకు కళ్ళు పోతాయి, పిల్లలు పుట్టరు. సన్‌షైన్ కోస్ట్ విశ్వవిద్యాలయం వారు పదేళ్ళకు పైగా శ్రమించి తయారుచేసిన టీకాకు 2025లో అక్కడి నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది.

2019-20 కార్చిచ్చు మనందరికీ గుర్తుంది. ఆ మంటల్లో చనిపోయినవి, గాయపడినవి, చోటు కోల్పోయినవి కలిపి 60 వేలకు పైగా కోలాలు దెబ్బతిన్నాయని డబ్ల్యూడబ్ల్యూఎఫ్ సంస్థ అంచనా వేసింది. 2022 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా ప్రభుత్వం క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్, రాజధాని ప్రాంతాల్లోని కోలాను ఇంకో మెట్టు పైకి, అంటే అంతరించే ప్రమాదంలో ఉన్న తరగతిలోకి మార్చింది. ఆ ప్రకటన ఈ మూడు ప్రాంతాలకే అన్న సంగతి గమనించండి. విక్టోరియా, సౌత్ ఆస్ట్రేలియా అందులో లేవు. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

కణితికి వచ్చిన కష్టం

కణితికి తిండి కొరత ప్రధాన సమస్య కాదు. దాని సమస్య దాని మాంసం. ఒక్క జంతువులో 200 కిలోలు. తుపాకీ, ఉచ్చు, కరెంటు తీగ, వేట కుక్కలు, అన్నీ దాని వెంటే. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దీన్ని వేటాడడం, మాంసం అమ్మడం, కొనడం నేరాలు. అయినా చట్టం బలంగా నిలబడేది అభయారణ్యాల లోపలే. ఆగ్నేయాసియా అడవుల్లో పరిస్థితి ఇంకా ఘోరం. వియత్నాం, లావోస్ వంటి దేశాల్లో తీగ ఉచ్చుల వల్ల చెట్లు నిలబడే ఉన్నా వాటి కింద జంతువు కనిపించని అడవులు మిగిలాయి. ఇలా పలు దేశాల్లో సంఖ్య బాగా పడిపోవడం చూసి ఐయూసీఎన్ 2008లో కణితిని వల్నరబుల్ తరగతిలోకి మార్చింది.

మన దగ్గర కణితి తగ్గితే తగ్గేది కణితి ఒక్కటే కాదు. నాగరహొళెలో దశాబ్దాల పాటు పులుల మీద పనిచేసిన ఉల్లాస్ కారంత్ గారు ఒక లెక్క చెబుతూ వచ్చారు. ఒక పులికి ఏడాదికి దాదాపు 50 పెద్ద జంతువులు ఆహారంగా కావాలి. ఆ 50 పోయినా మంద తరగకుండా ఉండాలంటే అడవిలో దాదాపు 500 జంతువులు ఉండాలి. కణితి ఆ లెక్కలో పెద్ద పద్దు. చుక్కల దుప్పి నాలుగు దొరికితే ఎంత మాంసమో, ఒక కణితి ఇంచుమించు అంత. కణితులు లేని అడవిలో పులికి కడుపు నిండదు. కడుపు నిండని పులి ఊరి పశువుల మీదికి వస్తుంది. ఆ తరువాత జరిగేది మనం పత్రికల్లో చదువుతూనే ఉన్నాం.

మిగతా కష్టాలు చిన్నవిగా కనిపిస్తాయి గానీ రోజూ జరిగేవి. అడవిలో మేసే ఊరి పశువులతో పోటీ. కొండ ఊళ్ళలో గుంపులుగా తిరిగే కుక్కలు. రాత్రి రోడ్ల మీద లారీలు. పుణ్యక్షేత్రాల దారుల్లో ప్లాస్టిక్. శబరిమల ఉన్నది పెరియార్ పులుల అభయారణ్యంలో. ఉప్పు, తీపి వాసన తగిలిన ప్లాస్టిక్ సంచులను మింగి అక్కడ కణితులు చనిపోయిన వార్తలు ఒకటికి రెండుసార్లు వచ్చాయి. మన ఇళ్ళ నుంచి ఏటా ఎంతమంది మాల వేసుకుని ఆ దారిన వెళతారో మనకు తెలుసు.

విక్టోరియాలో కలిసిన రెండు కథలు

ఇప్పుడు మొదట్లో చెప్పిన విచిత్రం.

1860లలో ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో కొందరు ఇంగ్లీషు పెద్దమనుషులు ఒక సంఘం పెట్టుకున్నారు. పరదేశపు జంతువులను, పక్షులను తెచ్చి తమ అడవుల్లో వదలడం ఆ సంఘం పని. వేటకు బాగుంటుందని, అడవికి అందమని వారి ఆలోచన. అలా మన దేశం నుంచి, శ్రీలంక నుంచి కొన్ని కణితులను ఓడల్లో తీసుకెళ్ళి వదిలారు. అక్కడ పులి లేదు, రేచు కుక్క లేదు, చిరుత లేదు. తిండికి ఎంపిక లేని జంతువు కాబట్టి ఆ అడవిలో ఏది దొరికితే అది తిన్నది. కొన్నే వెళ్ళినవి విక్టోరియా తూర్పు కొండలన్నీ నిండి, న్యూ సౌత్ వేల్స్‌లోకి కూడా పాకాయి.

ఈ రోజు అక్కడ కణితి ఒక పెద్ద బెడద. విక్టోరియా చట్టంలో కణితి వల్ల స్థానిక వృక్షాలకు జరిగే నష్టాన్ని ఒక ప్రమాదంగా ప్రత్యేకించి నమోదు చేశారు. అది చెట్టుకు కొమ్ములు రాస్తే బెరడు ఊడి చెట్టు ఎండుతుంది. మెల్బోర్న్‌కు నీరందించే యారా నది ఎగువ అడవుల్లో మాత్రమే పెరిగే ఒక అరుదైన చిన్న చెట్టు ఈ కారణంగానే ప్రమాదంలో పడింది. అక్కడి వేటగాళ్ళు ఏడాదికి లక్షకు పైగా కణితులను కాల్చిన సంవత్సరాలు ఉన్నాయి. 2020 కార్చిచ్చు తరువాత కాలిన అడవి మళ్ళీ చిగురించాలని ప్రభుత్వమే హెలికాప్టర్ల మీద నుంచి జింకలను కాల్పించింది.

ప్రపంచ జాబితాలో కాపాడవలసిన జంతువు. పరాయి నేలలో తగ్గించవలసిన జంతువు. రెండూ ఒకటే కణితి.

మరి అదే విక్టోరియాలో కోలా సంగతి? అక్కడ కోలా కూడా కొన్నిచోట్ల ఎక్కువైపోయింది. తోళ్ళ వ్యాపారం రోజుల్లో విక్టోరియాలో కోలా దాదాపు కనుమరుగైంది. అంతకుముందే ఫ్రెంచ్ ఐలండ్ అనే దీవిలో వదిలిన కొద్ది కోలాలు అక్కడ బాగా పెరిగాయి. వాటినే తెచ్చి రాష్ట్రమంతా మళ్ళీ నింపారు. అలా నింపిన చోట్ల కొన్నింట చెట్లు చాలనంతగా పెరిగాయి. కేప్ ఆట్వే అనే చోట ఆకులన్నీ తినేసి, చెట్లు మోడులై, కోలాలు ఆకలితో మాడాయి. 2013-14లో దాదాపు 700 కోలాలకు అధికారులు సూది మందుతో ప్రాణం తీయవలసి వచ్చింది. సౌత్ ఆస్ట్రేలియాలోని కంగారూ ఐలండ్‌లోనూ ఇదే కథ. అసలు కోలా లేని ఆ దీవిలో 1920లలో 18 వదిలారు. అవి వేలకు వేలయ్యాయి. 1997 నుంచి వాటికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయవలసి వచ్చింది. 2020 మంటలకు ముందు దాదాపు 50 వేలు ఉన్నవి, మంటల తరువాత 10 వేల లోపుకు పడిపోయాయి. 2022 ప్రకటనలో ఈ రెండు రాష్ట్రాలు ఎందుకు లేవో ఇప్పుడు అర్థమై ఉంటుంది. పైగా అక్కడి కోలాల్లో చాలావరకు ఆ కొద్ది దీవి కోలాల సంతానమే. మంద పెద్దదే గానీ వంశం ఇరుకైనది. జబ్బు వస్తే తట్టుకునే వైవిధ్యం తక్కువ.

ఇచ్చిపుచ్చుకోవడం ఒకవైపే జరగలేదు. మనం కణితిని ఇస్తే ఆస్ట్రేలియా మనకు కోలా చెట్టును ఇచ్చింది. 1790 ప్రాంతంలో టిప్పు సుల్తాను నంది కొండల తోటలో యూకలిప్టస్ నాటించాడు. 1843లో నీలగిరుల్లో తోటలు వేశారు. కర్ణాటకలో నీలగిరి అనీ, ఆంధ్ర, తెలంగాణల్లో జామాయిల్ అనీ పిలిచే చెట్టు అదే. మన దగ్గర ఎక్కువగా వేసిన రకాన్ని మైసూరు గమ్ అంటారు. క్వీన్స్‌లాండ్ కోలాలు ఏరికోరి తినే చెట్లలో అదే రకం ఒకటి. అక్కడ ఆ చెట్లు కొట్టేస్తుంటే కోలాకు తిండి లేదు. ఇక్కడ అవే చెట్లు కొండలు, బీళ్ళు నింపితే కణితికి, పశువుకు తిండి లేదు. మన జంతువులేవీ ఆ ఆకు ముట్టవు, ఆ నీడన గడ్డి సరిగా పెరగదు.

మొత్తం అంకె చెప్పని సంగతి

ఆఫీసుల్లో లెక్కలు రాసినవారికి ఈ విషయం సులభంగా అర్థమవుతుంది. మొత్తం నిల్వ సరిపోయిందని సంతకం పెట్టేస్తే, ఏ గోదాములో ఎంత ఉందో తెలియదు. ఒక గోదాములో మూటలు పైకప్పును తాకుతూ ఉండవచ్చు, ఇంకో గోదాము ఖాళీగా ఉండవచ్చు. కలిపితే అంకె బాగానే కనిపిస్తుంది. విక్టోరియా కోలాలను కలిపితే కోలా క్షేమమనిపిస్తుంది. క్వీన్స్‌లాండ్‌ను విడిగా చూస్తే గుండె జారుతుంది. విక్టోరియా కణితులు ఎన్ని లక్షలున్నా మన అడవుల్లో ఉన్న పులికి వాటివల్ల ఒక్క పూట తిండి దొరకదు.

అందుకే కాపాడడమంటే సంఖ్య పెంచడం ఒక్కటే కాదు. ఏ జంతువు ఏ నేలకు చెందినదో, అక్కడ దానితో ముడిపడిన చెట్టు, పులి, నీరు ఉన్నాయా లేదా అని చూడడం. కోలాకు మందు చెట్టే. ఉన్న చెట్లు కొట్టకుండా ఉంచాలి, ముక్కలైన అడవులను మళ్ళీ కలపాలి. న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం 2025లో కోలాల కోసమే పెద్ద జాతీయ ఉద్యానం ప్రకటించింది ఈ ఉద్దేశంతోనే. కణితికి మందు వేరు. చెట్లు నాటినంత మాత్రాన అది రాదు. వేట ఆగాలి, ఉచ్చు తీయాలి, రాత్రి నిశ్శబ్దం కావాలి.

మంచి పనులు మన చుట్టూ జరిగాయి కూడా. బండీపురం గుండా వెళ్ళే జాతీయ రహదారిలో 2009 నుంచి రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 వరకు వాహనాలను ఆపుతున్నారు. లారీలవాళ్ళకు, కేరళకు వెళ్ళేవాళ్ళకు ఇబ్బందే. కానీ కణితి బయట తిరిగేది సరిగ్గా ఆ వేళల్లోనే. నాగపూర్ దగ్గర పెంచ్ అడవిలో 44వ జాతీయ రహదారిని ఎత్తులో కట్టి, కింద జంతువులకు దారులు వదిలారు. ఆ దారుల్లో జింకలు, పులులు నడవడం కెమెరాల్లో నమోదైంది. మనలో హైదరాబాదు నుంచి నాగపూర్ మీదుగా ఉత్తరాదికి వెళ్ళేవారు ఆ వంతెనల మీదుగానే వెళతారు, కింద ఏముందో తెలియకుండానే. క్వీన్స్‌లాండ్‌లో కూడా రోడ్ల కింద కోలాలకు ఇలాంటి దారులే కడుతున్నారు.

మన చేతిలో ఉన్నవి

అడవి శాఖ పనులు మనం చేయలేం. కానీ ఇంటి వరకు, ప్రయాణం వరకు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి.

ఒకటి. అడవి దారిలో పొద్దు వాలాక వేగం తగ్గించండి. కణితి రోడ్డు దాటేటప్పుడు దీపం వెలుగుకు నిలబడిపోతుంది. ఒకటి దాటితే వెనక పిల్ల ఉండవచ్చు. హారన్ కొట్టకుండా కాసేపు ఆగండి.

రెండు. తిరుమల కొండ అయినా, శబరిమల అయినా, కొడైకెనాల్ అయినా, తీసుకెళ్ళిన ప్లాస్టిక్ తిరిగి ఇంటికి తెచ్చుకోండి. మిగిలిన అన్నం, పండ్ల తొక్కలు రోడ్డు పక్కన జంతువులకని పెట్టవద్దు. అది పుణ్యం కాదు, వాటిని బండి కిందకు పిలవడమే.

మూడు. ఎవరైనా "అడవి మాంసం" తెచ్చామని చెబితే తీసుకోవద్దు. పల్లెల్లో బంధువుల ఇళ్ళలో ఈ మాట ఇప్పటికీ వినబడుతుంది. మొహమాటానికి తిన్నా చట్టం ముందు నేరమే.

నాలుగు. పొలాలు ఉన్నవారు కంచెకు నేరుగా కరెంటు కలపవద్దు. పందుల కోసం పెట్టిన తీగకు కణితి, ఏనుగు, చివరికి పక్కింటి మనిషి కూడా పడిపోతున్నారు.

అయిదు. మన ఇళ్ళ పిల్లలు చాలామంది మెల్బోర్న్‌లో, సిడ్నీలో, బ్రిస్బేన్‌లో స్థిరపడ్డారు. వారికి ఒక మాట చెప్పండి. కోలాలు తిరిగే పేటల్లో ఉంటే కుక్కను రాత్రిపూట లోపల కట్టేయాలి, కోలా బోర్డు ఉన్న చోట కారు నెమ్మదిగా నడపాలి. గాయపడిన కోలా కనిపిస్తే ముట్టుకోకుండా అక్కడి వన్యప్రాణి సహాయ కేంద్రానికి ఫోన్ చేయాలి. కోలా గోళ్ళు పదునైనవి, బొమ్మలా ఎత్తుకునే జంతువు కాదది.

ఒక విన్నపం

2020 జనవరిలో కాలిన కోలాల ఫోటోలు చూసి మన ఇళ్ళలో పిల్లలు ఏడ్చారు. కొందరు డబ్బు కూడా పంపారు. అది మంచి మనసు, తప్పు పట్టవలసింది కాదు. అదే వరసలో ఉన్న కణితి మన పక్క కొండ మీదే ఉందని ఆ పిల్లలకు చెప్పవలసిన బాధ్యత మాత్రం మనది.

దానికి మొదటి మెట్టుగా ఒక చిన్న పని అడుగుతున్నాం. మీ ఇంట్లో తాతయ్యలు, అమ్మమ్మలు ఈ జంతువును ఏ పేరుతో పిలిచేవారో అడిగి రాసి పంపండి. కణితి, కణుజు, కడితి, ఇంకేదైనా. ఏ ఊరు, ఏ కొండ దగ్గర చూశారో, చివరిసారి ఎప్పుడు చూశారో కూడా రాయండి. హోసూరు వారు ఒక పేరు చెప్పవచ్చు, బళ్ళారి వారు ఇంకొకటి, బరంపురం వారు మరొకటి, చంద్రపూర్ వారు వేరొకటి. వచ్చిన పేర్లన్నీ ఊరి పేరుతో సహా ఇక్కడే ప్రచురిస్తాం. మా తరువాతి ఆదివారం తరగతి పాఠం కూడా వాటితోనే తయారుచేస్తాం.